రెండో దిక్కు ఖాళీగున్నది

మా మ్యూజియంలో ప్రతి నెలా నాలుగో శనివారం ఏదో ఒక కార్యక్రమం పెడతాం. మ్యూజియం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. కోరుట్లలో వాడకం లేని వడ్ల గోదాము ఒకటి ఉంటే, దివాకర్ సార్ బడిపంతులుగా రిటైరయ్యాక దానికి సున్నం కొట్టించి, ఊళ్ళలో దొరికిన పాత సామాన్లూ ఇక్కడి పిల్లలు వేసిన బొమ్మలూ పెట్టి తలుపులు తెరిచారు. సార్ ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పిన మనిషి. ఎదుటివాళ్ళు వింటున్నారా లేదా అన్నది ఆయనకు ఇప్పటికీ పట్టదు. నేను అక్కడ ఉద్యోగం చేస్తాను. టికెట్లు చింపేదీ నేనే, అద్దాలు తుడిచేదీ నేనే, వచ్చిన సామానుకు చీటీ కట్టేదీ నేనే.

జూన్‌లో సిరిసిల్ల నుంచి ఒక పెద్దాయన వచ్చి పిల్లల ముందు మగ్గం మీద తువ్వాల నేసి చూపించాడు. జులైలో బోనం కుండలకు రంగులు వేసే పోటీ పెట్టాం, బహుమతి దగ్గర ఆడవాళ్ళు పోట్లాడుకున్నారు. ఆగస్టుకు సార్ "దుబాయి క్యాసెట్ల దినం" అని పేరు పెట్టి, పాత క్యాసెట్లుంటే తెచ్చి ఇమ్మని బస్టాండు గోడల మీద కాయితాలు అంటించమన్నారు.

ఈ కాలం పిల్లలకు చెబితే నమ్మరు గానీ, చేతిలో ఫోన్లు లేని రోజుల్లో మా దిక్కు నుంచి దుబాయి, మస్కట్ పోయినవాళ్ళు ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపేవారు. చదువు రానివాళ్ళకు అదే సులువు. గదిలో కూర్చుని ఒక వైపంతా మాట్లాడి, సెలవు మీద ఊరికి వచ్చేవాడి సంచిలో పెట్టేవారు. ఇక్కడ ఇల్లంతా కూర్చుని వినేది, వాడకట్టు కూడా వచ్చేది. విన్నాక అదే క్యాసెట్టు తిరగేసి, రెండో వైపు జవాబు చెప్పి, మళ్ళీ పోయేవాడి చేతికిచ్చేవారు. అక్కడా అంతే. ఒకరికి జవాబు వస్తే ఆ గదిలో ఉన్న పది పన్నెండు మందీ చుట్టూ చేరి వినేవారట. ఎవరి పెళ్ళాం మాట్లాడినా తమ పెళ్ళాం మాట్లాడినట్టే ఉండేదట. సార్ ఈ మాట సభలో చెబితే అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టాను.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నా భర్త రాకేశ్ షార్జాలో పనిచేసేవాడు. పద్నాలుగు నెలల కింద, అక్కడి గదిలో, నిద్రలోనే పోయాడు. పద్దెనిమిది రోజులకు పెట్టె వచ్చింది. ప్లైవుడ్ పెట్టె. పైన మార్కరుతో పేరు, ఒక నంబరు. తెరవొద్దని మా బావ అన్నాడు. "ఇన్నొద్దులాయె, సూడలేవు సంగీతా" అన్నాడు. నేను సరే అన్నాను. ఆ పెట్టె దగ్గర ఒక మందు వాసన, తడి చెక్క వాసన, చలి. అంతే నాకు గుర్తున్నది. మూత తీయకుండానే చితి మీద పెట్టారు.

మూడో రోజు పిట్టకు పెడితే ఒక్క కాకి రాలేదు. ఎండలో రెండు గంటలు నిలబడ్డాం. ఆఖరికి ఎవరో ఆ ముద్దను వాగులో వదిలిపెట్టి, నడవండి నడవండి అన్నారు. ధర్మపురిలో గోదాట్లో ఎముకలు కలిపిన రోజు కూడా నాకు ఏడుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పంటి డాక్టరు సూది వేశాక పెదవి ఎట్లా ఉంటుందో నా ఒళ్ళంతా అట్లా ఉండేది. నా బిడ్డ వర్షకు ఆరేళ్ళు. వాళ్ళ నాన్న చివరిసారి ఊరికి వచ్చి వెళ్ళినప్పుడు దానికి మూడేళ్ళు. డాడీ డ్యూటీలో ఉన్నాడని చెప్పాను, ఇప్పటికీ అదే చెబుతున్నాను.

పోయేముందు రాత్రి ఆయన నాకు వాట్సాప్‌లో ఒక మాట రికార్డు చేసి పంపాడు. నలభై సెకన్లు. పొద్దున వర్షను బడికి తయారు చేసే తొందరలో తర్వాత వింటాలే అనుకున్నాను. మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది. ఇక ఆ మాట మీదికి నా వేలు పోలేదు. వింటే అయిపోతుంది కదా. వినకుండా ఉన్నంతకాలం ఆయన నాతో చెప్పాల్సింది ఇంకా మిగిలి ఉన్నట్టు. ఇది పిచ్చి అని నాకు తెలియక కాదు.

రాకేశ్ మాట వస్తే జనం ఆయన మంచితనం చెబుతారు. నాకు గుర్తొచ్చేది మాత్రం కరివేపాకు. పప్పులో గానీ పులుసులో గానీ ఒక్క ఆకు నోట్లో పెట్టుకునేవాడు కాదు. ప్రతి ఆకూ ఏరి, పళ్ళెం అంచున వరసగా పేర్చేవాడు, లైన్లో నిలబడ్డ పిల్లల్లాగా. పెళ్ళైన కొత్తలో దాని మీద రెండు రోజులు మాట్లాడుకోలేదు కూడా.

ఆ శనివారం నలభై మంది దాకా వచ్చారు. పదకొండు క్యాసెట్లు వచ్చాయి. క్యాసెట్టు పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి, వాటిని విరగ్గొడితే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. ఉన్నది చెరిగిపోకుండా, సామాను చేతికి రాగానే ఆ పలుకులు విరగ్గొట్టడం నా పని. అలవాటైపోయి టిక్కు టిక్కుమని విరుస్తున్నాను.

చివరగా కథలాపూర్ నుంచి లసుమవ్వ వచ్చింది. మనవడు రవి బండి మీద దింపాడు. డెబ్బై దగ్గర ఉంటాయి. కొంగున కట్టిన మూటలోంచి క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టింది. నేను పలుకులు విరిచాను.

"ఇది ఎన్నడు ఇనలే బిడ్డా" అన్నది.

"ఇప్పటిదాక ఇనలేదా అవ్వా?"

"ఎట్లింటం? మా ఇంటాయన మస్కట్ల పనిమీదికెల్లి పడి పోయిండని కబురచ్చినంక, నెల దినాలకు అచ్చింది గిది. తెచ్చినాయన గడపల పెట్టి ఏడ్సుకుంట పోయిండు. మా అత్త ముట్టనియ్యలే. ఇరవై ఎనిమిదేండ్ల సంది సందుగు పెట్టెల ఉన్నది."

"మనిషిని తెచ్చిండ్రా అవ్వా ఊరికి?"

"లేదు. అక్కడనే మట్టి చేసిండ్రట." చెవి మీద చెయ్యి పెట్టి చూపించింది. "చెవులు మందమైతున్నయ్ బిడ్డా. ఇంకో ఏడాదైతే నువ్వు పెట్టినా నాకినపడది. ఇనిపియ్యి."

స్పీకరు పెట్టి అందరి ముందూ వినిపించాం. ముందు సర్రుమని చప్పుడు, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత ఒక మగ గొంతు.

"లసుమీ... నేను హన్మండ్లును మాట్లాడుతున్న. అందరు మంచిగున్నరా? నేను మంచిగనే ఉన్న. మన బర్రె ఈనిందా? కల్లుకు తాళ్ళెవరెక్కుతున్నరు? పెద్దోన్ని బడికి తోలుతున్నవా లేదా?"

ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాడు. అంతా అట్లాంటి ముచ్చట్లే. గదిలో ఎండ, ఉల్లిగడ్డ కూర, పక్క మంచమోడి గురక. లసుమవ్వ కళ్ళు మూసుకుని, ప్రతి ప్రశ్నకూ తల ఊపుతూ కూర్చుంది. చివర ఆయన అన్నాడు. "ఇగ సాలు. రెండో దిక్కు ఖాళీగున్నది. జవాబు పంపు."

నేను ఆపేశాను. ఆడవాళ్ళు ముక్కులు తుడుచుకున్నారు. లసుమవ్వ లేవలేదు.

"తిప్పు బిడ్డా" అన్నది.

"ఎందుకవ్వా?"

"జవాబియ్యద్దా? అడిగె గద."

సార్ ముందుకు వచ్చి, అది మ్యూజియం సామానమ్మా, దాని మీద ఇంకేం రికార్డు చెయ్యరాదు అని పాఠం మొదలుపెట్టారు. ఆమె సార్‌ను చూడలేదు, నన్ను చూసింది. నాకు ఏమైందో తెలియదు. సెల్లోటేపు ముక్క చింపి, నేనే విరిచిన పలుకు సందు మీద అంటించాను. అట్లా అంటిస్తే మళ్ళీ రికార్డవుతుంది. క్యాసెట్టు తిరగేసి, మైకు ఆమె ముందు పెట్టి, ఎర్ర గుండీ నొక్కాను. ఆపాల్సినదాన్ని నేనే. ఆపలేదు.

ఆమె ఐదు నిమిషాలు మాట్లాడింది. బర్రె అప్పుడే ఈనిందని, తాళ్ళు ఎప్పుడో కొట్టేశారని, పెద్దోడికి ఇద్దరు పిల్లలని చెప్పింది. కోపం లేదని చెప్పింది. తర్వాత ఆ కాలంలో ప్రతి క్యాసెట్టు చివర అనే మాటే అనేసింది.

"పైలం మరి. జెల్ది ఇంటికి రా."

చావింటి నుంచి బయలుదేరేటప్పుడు "పోయొస్త" అని కూడా అనని మనుషులం మేము. పోయినవాళ్ళను రమ్మని ఎవరూ పిలవరు. వెనక వరసలో ఒక ముసలామె "అయ్యో, గట్లనద్దే" అని గొణిగింది. లసుమవ్వ నాలుక కరుచుకుంది.

"నోట్లకెల్లి అట్లనే అచ్చింది బిడ్డా. ఎప్పుడు గట్లనే అనేది గద."

నేను గుండీ ఆపాను. తర్వాత అందరికీ చాయ్, బిస్కెట్లు ఇచ్చాం.

సోమవారం మ్యూజియానికి సెలవు. సందర్శకులు ఉండరు కాబట్టి క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని ఆ రోజు పెట్టుకున్నాను. అది దగ్గరి దారి లేని పని. అరగంట క్యాసెట్టుకు అరగంట కూర్చుని వినాల్సిందే. పొద్దటి నుంచీ ముసురు పట్టింది. గేటు దగ్గర కాపలా పోచయ్య ఒక్కడే ఉన్నాడు. గోదాము వెనక చిన్న గది ఒకటి ఉంది, దానికి కిటికీలు లేవు. బయటి చప్పుడు రాకుండా గోడలకు పాత బొంతలు వేలాడదీశాం. తలుపు వేస్తే పట్టపగలు కూడా చీకటే. పాత గుడ్డ వాసన, ఎలుకల వాసన, వేడెక్కిన మిషను వాసన. ఫోను దగ్గరుంటే రికార్డులో గుర్రుమంటుందని, దాన్ని ముందు హాల్లో టేబుల్ మీద చార్జింగులో పెట్టి వచ్చేదాన్ని. నాలుగుంబావుకు బడి ఆటో వర్షను గేటు దగ్గర దింపుతుంది, పోచయ్య లోపలికి తెచ్చి కూర్చోబెడతాడు. రోజూ జరిగేదే.

లసుమవ్వ క్యాసెట్టు పెట్టేసరికి మూడున్నర దాటింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వింటూ కాయితం మీద రాసుకుంటున్నాను. రెండో నిమిషం బర్రె. ఐదో నిమిషం తాళ్ళు. పన్నెండో నిమిషం గురక. శనివారం విన్నదే కాబట్టి మనసు పెట్టకుండా రాస్తున్నాను. ఇరవై రెండో నిమిషంలో "జవాబు పంపు" అన్నాడు. వైపు పూర్తయ్యేదాకా ఎక్కించాలని సార్ చెప్పారు గనక ఆపలేదు.

సర్రుమని ఖాళీ టేపు నడుస్తోంది. ఫ్యాను చప్పుడు మాత్రం పోలేదు. నేను పెన్ను మూత పెట్టాను. బొంతల వెనక ఎలుక కదిలినట్టయింది. ఎక్కడి నుంచో చలి వచ్చింది. ఇంత ఉక్కపోత గదిలో చలి ఏమిటని తల తిప్పాను. అప్పుడు వాసన తగిలింది. మందు వాసన. తడి చెక్క వాసన.

ఆ వాసన నాకు తెలుసు.

ఇరవై ఆరో నిమిషంలో గ్లాసు కింద పెట్టిన చప్పుడు. తర్వాత గొంతు.

"లసుమీ... నీ జవాబు అందింది."

రాయాలేమోనని పెన్ను తీశాను. నిజంగా తీశాను. "ఇరవై ఆరు నిమిషాలు, జవాబు అందింది" అని రాశాను కూడా. నా చెయ్యి నాది కానట్టు దాని పని అది చేసుకుపోయింది.

"అందరం కూసొని విన్నం" అన్నాడు హన్మండ్లు. గొంతు మెల్లగా ఉంది. పక్కవాళ్ళకు వినపడకూడదన్నట్టు. "ఇక్కడ మన దిక్కోళ్ళు శానమంది ఉన్నరు లసుమీ. జవాబు రానోళ్ళు. నువ్వు రమ్మన్నవు గద... అందర్ని రమ్మన్నట్టె అనిపించింది. ఎవ్వలు ఆగుతలేరు."

ఫ్యాను చప్పుడు. ఎవరో దగ్గారు. ఇంకెవరో దగ్గారు. గదినిండా మనుషులు కూర్చుని ఊపిరి పీలుస్తున్నట్టు...

"కోరుట్ల పిలగాడొకడున్నడు. ఆయన పంపిన మాట ఇంట్ల ఇంకా ఇననే లేదట. ఆమెనే అట... గా మిషిన్ ఒత్తేటామె."

హెడ్‌ఫోన్లు లాగేశాను. రీళ్ళు తిరుగుతున్నాయి. హెడ్‌ఫోన్లు టేబుల్ మీద పడి ఉన్నాయి, వాటిలోంచి సన్నగా, చాలామంది ఒకేసారి గుసగుసలాడుతున్న చప్పుడు వస్తోంది. మాటలు తెలియడం లేదు. నేను వంగి వినబోయాను. ఆ వంగడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఒక్క గొంతు కోసం వెతికాను.

టక్కుమని టేపు ఆగింది. వైపు అయిపోయింది.

క్యాసెట్టు తీసి రెండో వైపు పెట్టాను. లసుమవ్వ మాటలు లేవు. మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూశాను. ఏమీ లేదు, కొత్త టేపులాగా ఖాళీ.

గది తలుపు తెరిచి ముందుకు వచ్చేసరికి నాలుగు నలభై. వర్ష టేబుల్ దగ్గర, కుర్చీలో, కాళ్ళు ఊపుతూ కూర్చుంది. దాని చేతిలో నా ఫోన్.

"మమ్మీ, డాడీ మెసేజు నేను విన్న" అన్నది.

"ఏమన్నడే?"

"బువ్వ తిన్నవా అన్నడు. రేపు ఫోన్ చేస్త అన్నడు. నాకు ముద్దు పెట్టిండు."

అంతే. పద్నాలుగు నెలలుగా నేను దాచుకున్నది అంతే. నాకు ఏమీ అనిపించలేదు, ఏదో అనిపించాలని మాత్రం ఎదురుచూశాను.

"నేను గుడ జవాబు పంపిన" అన్నది వర్ష.

"ఏమని?"

"లసుమమ్మమ్మ చెప్పినట్టె. డాడీ, జెల్ది ఇంటికి రా అని."

శనివారం వర్ష కూడా నా పక్కనే కూర్చుని ఉంది. ఆ సంగతే మరిచిపోయాను. ఫోన్ గుంజుకుని చూశాను. మూడు సెకన్ల మాట, నా బిడ్డ పంపింది. దాని పక్కన రెండు గుర్తులు. నేను చూస్తుండగానే రెండూ నీలంగా మారాయి, అవతల ఎవరో విన్నట్టు. రాకేశ్ ఫోన్ ఆయన సామానుతో పాటే వచ్చింది. చార్జింగు లేక చచ్చిపోయి, మా ఇంట్లో మంచం కింద ఇనుప పెట్టెలో, గుడ్డలో చుట్టి ఉంది. దాని తాళం చెవి, పుస్తెల తాడు తీసేసినప్పటి నుంచి, నా మెడలో నల్ల దారానికి ఉంది.

ఇంటికి వచ్చేసరికి ఆరు. వాన తగ్గలేదు. మాది రెండు గదుల కిరాయి ఇల్లు, వెనక చిన్న పెరడు, ప్రహరీ గోడ. వర్ష మంచం మీద రంగు పెన్సిళ్ళు పరుచుకుని బొమ్మ వేసుకుంటోంది. నేను లసుమవ్వ నంబరుకు ఫోన్ చేశాను. రవి ఎత్తాడు.

"అక్కా, అవ్వ పొద్దుగాల్ల సంది వండుతనే ఉన్నది. ఎవలత్తరే అంటే చెప్పది. పదిమంది బువ్వ వండింది" అన్నాడు.

"ఒక్కసారి అవ్వకియ్యి."

ఫోన్ చేతులు మారింది. తర్వాత ఆమె ఊపిరి, తర్వాత గుసగుస. "బిడ్డా... అచ్చిండు."

"ఎవలవ్వా?"

"అర్రల కూసున్నడు. చీకట్ల. తింటున్నడు." వెనక పళ్ళెం గీకుతున్న చప్పుడు. "ఉప్పు అడుగుతున్నడు బిడ్డా. మా ఇంటాయన ఎన్నడు పై ఉప్పు ముట్టలే. పెండ్లైనకాంచి ఒక్కసారి అడుగలే."

"అవ్వా..."

"నేను ఎవర్ని పిలిచిన బిడ్డా?" అన్నది. ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

అప్పుడైనా వర్షను ఎత్తుకుని పక్కింటికి పరుగెత్తాల్సింది. ఎవరైనా అదే అంటారు. నేను పొయ్యి వెలిగించాను. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, నాకు భయం కంటే ఆశ ఎక్కువైంది. రాకేశ్ వస్తాడని. ఆ పెట్టెలో ఉన్నదెవరో నేను చూడలేదు. కాకి ముట్టలేదు. పద్నాలుగు నెలల్లో మొదటిసారి గుండె కొట్టుకోవడం నాకు వినిపించింది, ఆ చప్పుడు ఆగిపోవద్దని అనుకున్నాను.

పప్పు వండాను. పోపులో పిడికెడు కరివేపాకు వేశాను, కావాలనే. అన్నం మీద పప్పు పోసి, ఆకులు పైకి కనబడేటట్టు సర్దాను. ఆయనే అయితే ఆకులు అంచున ఉంటాయి. ఆయన కాకపోతే... ఆ ఆలోచనను అక్కడే వదిలేశాను. వెనక తలుపు తీసి, పళ్ళెం గోడ మీద, రేకు చూరు కింద తడవని చోట పెట్టాను. సందకాడి మసక. కాకులు గూళ్ళకు పోయే వేళ దాటిపోయింది.

"తిను" అన్నాను. ఇంకేమీ అనలేకపోయాను.

లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. ముందు గదిలో వర్ష పాట పాడుకుంటోంది. రేకుల మీద వాన. కాసేపటికి కరెంటు పోయింది. వర్ష పాట ఆపలేదు. దానికి చీకటి భయం లేదు.

గోడ మీద స్టీలు పళ్ళెం కదిలింది. సన్నగా, గోడకు రాసుకుంటూ. ఆగింది. మళ్ళీ కదిలింది. నేను లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను, ఏం లెక్కపెడుతున్నానో తెలియకుండానే. చప్పుడు ఆగిపోయాక తలుపు తీశాను.

పెరట్లో ఎవరూ లేరు. ఆ మందు వాసన ఉంది. ఫోన్ లైటు వేసి పళ్ళెం దగ్గరికి పోయాను. చూడకముందే ఏడుపు వచ్చేసింది. పద్నాలుగు నెలల ఏడుపు, వెక్కి వెక్కి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని అప్పుడు చూశాను.

పళ్ళెం ఖాళీగా ఉంది. నాకినట్టు మెరుస్తోంది. అంచున ఏమీ లేదు.

గోడ మీద చూశాను. కింద మట్టిలో చూశాను. వంగి, మోరీ కాలువ నీళ్ళలో చెయ్యి పెట్టి తడిమాను. గాలికి పోయిందేమో... వానకు కొట్టుకుపోయిందేమో... ఒక్క ఆకు. ఒక్క ఆకు దొరికితే చాలనుకున్నాను. పిడికెడు వేశాను కదా. ఒక్కటి కూడా లేదు. వచ్చినవాడు అన్నీ తినేశాడు.

వెనక, నేను తెరిచి వచ్చిన తలుపులోంచి, చీకట్లోంచి, వర్ష మాట్లాడుతోంది.

"డాడీ, గిది నేనేసిన బొమ్మ. సూడు."

ఎవరో బదులిచ్చినట్టు అది కాసేపు ఆగింది. తర్వాత మంచం కిర్రుమంది, ఎవరో కూర్చున్నట్టు.

"మరి వాళ్ళెందుకు నిలబడ్డరు? కూసోమను" అన్నది నా బిడ్డ.